వాగ్భ్రంశము - దాని చికిత్స
(విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

ఈ సభలో శాస్త్రవిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన సభలలో విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, కులవృత్తులకు గలిగిన క్షీణతను గూర్చియు ఏటేట చర్చలు జరుగుచునే యున్నవి. అవి జరుగవలసినవే. కాని మన యిండ్లలో నొక మూల మంచముపై గూర్చుండి, అందఱి మాటలు వినుచు, తామొక్క మాటయు పలుకజాలని పెద్దలను గూర్చి మన మెన్నడును ప్రస్తావించుట లేదు. తమ కష్టమును తాము చెప్పుకొనలేకపోవుటయే వారి కష్టము. కావున వారి పక్షమున మఱియొకరు చెప్పవలసియున్నది. పక్షవాతానంతరము కలుగు వాగ్భ్రంశమును గూర్చియు, దానికి నేడు గల చికిత్సను గూర్చియు ప్రసంగించుచున్నాను. నేను వైద్యుడను గాను. సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. అయినను మాట యెట్లు వచ్చును, ఎట్లు పోవును అను విచారము బడిపంతులకు పరాయిది గాదు.

మెదడునకు రక్తమును గొనిపోవు నాళము పూడుకొని పోయినను, పగిలినను, దానిపై నాధారపడిన భాగము నిమిషములలో చెడనారంభించును. దీనినే నేడు స్ట్రోక్ అనుచున్నారు. మన పూర్వులకును ఇది తెలియనిది గాదు. చరకసంహితయందు పక్షవధ లక్షణములు చెప్పుచు, శరీరమున నొక పార్శ్వము చేష్ట దప్పుటతో పాటు వాక్స్తంభమును గూడ పేర్కొనియున్నారు. ఈ రెండును కలిసి వచ్చుటకు కారణ మిది: మెదడుయొక్క ఎడమ యర్ధభాగము శరీరపు కుడిపార్శ్వమును నడుపును; కుడిచేతివాటము గలవారిలో నూటికి సుమారు 95 మందికి భాషకు మూలమైన స్థానములును ఆ యెడమ యర్ధభాగముననే యుండును. అందుచేత ఎడమ మెదడునకు దెబ్బ తగిలిన కమ్మరికి సమ్మెట పట్టు చేయియు, వడ్రంగికి బాడిసె పట్టు చేయియు, వారి నోటిమాటయు ఒక్క గడియలోనే పోవుట సంభవించును. చేతిపనిచే జీవించు మనవంటివారి కింతకంటె పెద్ద దెబ్బ యేమున్నది?

వివిధ దేశములలో వేసిన లెక్కలను బట్టి, స్ట్రోక్ వచ్చిన తొలిదినములలో ఇంచుమించు మూడింట నొకరికి ఈ భాషాలోపము కనబడుచున్నది. దీనికి పాశ్చాత్యవైద్యులు అఫేసియా యని పేరిడిరి. నేను వాగ్భ్రంశమని వ్యవహరించుచున్నాను. నాలుకయు పెదవులును బలము దప్పి మాట ముద్దముద్దగా వచ్చుట వేఱు; అది ఉచ్చారణలోపము. వాగ్భ్రంశమున నాలుక చక్కగానే యాడును. భావమునకు తగిన పదము దొరకుట, పదములు వాక్యమై కుదురుట, ఎదుటివాని వాక్యము అర్థమగుట అను వానికి భంగము కలుగును. చదువుటకును వ్రాయుటకును గూడ ఆ భంగము సంక్రమించును. అందుచేతనే మాట రానివానికి పలకయు బలపమును ఇచ్చి వ్రాయుమనుటవలన తఱచుగా ఫలము కనబడదు.

ఈ విషయము శాస్త్రమునకు తెలిసిన చరిత్రను సంగ్రహముగా చెప్పెదను. 1861లో పారిస్ నగరసమీపమున నున్న బిసేత్ర్ వైద్యశాలలో లెబోర్న్య్ అను రోగి యుండెను. అతడు ఇరువదియొక్క సంవత్సరము లందే గడపెను. ఏమడిగినను "టాన్, టాన్" అని మాత్రమే పలుకుచుండుటచే అతనికి టాన్ అనియే పేరు పడెను. ఇతరులు చెప్పినదానిలో నధికభాగ మాతడు గ్రహించుచుండెను. అతడు మరణించిన పిమ్మట పాల్ బ్రోకా అను వైద్యుడు మెదడును పరీక్షించి, ఎడమవైపున లలాటభాగమున చెడిన స్థానమును చూపెను. టాన్‌కు వచ్చినది స్ట్రోక్ గాదు. అతనికి చిన్ననాటినుండియు మూర్ఛరోగ ముండెను. అయినను వాక్కునకు మెదడులో స్థానమున్నదని లోకము నమ్ముట కతని మెదడే సాక్ష్యమైనది. 1874లో జర్మనుడైన కార్ల్ వెర్నికే, చెవికి పైభాగమున నుండు ఎడమ మెదడునకు హాని కలిగినవారిలో వేఱొక విధమైన లోపమును వర్ణించెను. వీరు ధారాళముగా మాటలాడుదురు. కాని ఒక పదమునకు బదులు వేఱొక పదము వచ్చుచుండును, కొన్నియెడల అర్థము లేని పదములే పుట్టుచుండును. ఎదుటివారి మాటయు వీరికి సరిగా బోధపడదు. తమ మాట తప్పినదని తామే యెఱుగరు. మొదటి విధమువానిని జనులు మూగవాడందురు; రెండవవానిని పిచ్చివాడందురు. ఇద్దఱియెడలను జనుల మాట తప్పే. భూతవైద్యులయొద్దకు గొనిపోబడువారిలో రెండవ తెగవారు లేకపోరు.

వాక్కు చెడిన వివేకము చెడినట్లేనా? ఈ ప్రశ్నకు ఉత్తరముగా నొక పండితుని కథ చెప్పెదను. ఆంగ్లభాషకు 1755లో గొప్ప నిఘంటువును రచించిన సామ్యూల్ జాన్సన్‌కు 1783 జూన్ 17వ తేదీ రాత్రి నిద్రలో పక్షవాతము వచ్చినది. అతని వయస్సప్పుడు డెబ్బదిమూడు. తలలో నేదో కలతగా నున్నదని గ్రహించి, శరీరమునేమి చేసినను బుద్ధిని మాత్రము కాపాడుమని దైవమును వేడుకొని, బుద్ధి నిలిచియున్నదో లేదో పరీక్షించుకొనుటకై ఆ ప్రార్థనను లాటిన్ భాషలో పద్యముగా కూర్చెను. పద్యము అంత బాగుగా కుదురలేదు. కుదురలేదని తనకు తెలిసినది గనుక బుద్ధి చెక్కుచెదరలేదని నిశ్చయించుకొనెను. పిదప చూచుకొనగా మాట పోయినది. తెల్లవారిన పిమ్మట పొరుగువానికి చీటి వ్రాయబోగా చేయి ఒక యక్షరమునకు మాఱుగా వేఱొక యక్షరమును వ్రాయుచుండెనట. నిఘంటుకర్తకే మాట కఱవైనది. కాని గుణదోషవిచక్షణ మాత్రము పోలేదు. కొలదిదినములలో అతనికి మరల మాట వచ్చినది.

మన శాస్త్రభాషలో నిది సులభముగా బోధపడును. భర్తృహరి వాక్యపదీయమున వాక్కునకు పశ్యంతి, మధ్యమ, వైఖరి యని రూపములను చెప్పెను. పిమ్మటివారు పరావాక్కును దానికి జేర్చిరి. వైఖరి యనగా నోటినుండి వెలువడి పరుల చెవికి వినబడునది. మధ్యమ లోపలనే క్రమము గలిగి నిలుచునది. పశ్యంతి యందు భావము విడివడక యుండును. టాన్‌వంటి రోగికి వైఖరి తలుపు మూసికొనిపోయినది. లోపలి దీపము వెలుగుచునే యున్నది. ఇది పోలికయే గాని శరీరశాస్త్రము గాదు. అయినను వైఖరి లేనిచోట వాక్కే లేదని తలంచుట తప్పని మన పెద్దలు చెప్పియే యున్నారు.

ఇక నొక విచిత్రము. "నీళ్లు" అని యడుగలేని వ్యక్తి విష్ణుసహస్రనామములను తొట్రుపాటు లేక చదువవచ్చును, ఒకటి రెండు మూడు అని వరుసగా లెక్కింపవచ్చును, వారముల పేళ్లు చెప్పవచ్చును, కోపము వచ్చినపుడు తిట్టవచ్చును, పాట పాడవచ్చును. 1745లోనే స్వీడన్ దేశమున ఓలోఫ్ డాలిన్ అనునతడు మాట లేకపోయినను భజనగీతములను పాడగలిగిన యొక రోగిని గూర్చి వ్రాసెను. కంఠస్థమై వరుసగా వచ్చు మాటలకును, అప్పటి యవసరమునకు తగిన పదమును వెదకి తెచ్చుటకును మెదడులో మార్గములు వేఱువేఱు. ఈ సంగతి యెఱుగక యింటివారు "శ్లోకములు వచ్చునట, మాటలు రావట! కావలెననియే మొండితనము చేయుచున్నాడు" అని నిందించుట గలదు. అది మొండితనము గాదు, రోగలక్షణము.

ఇప్పుడు చికిత్సను గూర్చి చెప్పెదను. తొలుత ఒక బడిపంతులుగా నొక మాట. వాగ్భ్రంశము గలవానికి అ, ఆ లు దిద్దించుట మన యిండ్లలో నెల్లరు చేయుపని. ఐదేండ్ల బాలునికి పదము తెలియదు. మనము క్రొత్తగా నేర్పుచున్నాము. ఈతనికి పదము తెలియును. పదమునకు పోవు త్రోవ తెగినది. ఒకడు బావి లేనివాడు, మఱియొకడు బావి యుండియు చేంతాడు తెగినవాడు. వానికి బావి త్రవ్వుట ప్రారంభించిన అవమానమే గాని ప్రయోజనము లేదు. చికిత్సకులు చేయుపని తెగిన చేంతాడును ముడివేయుట, లేనిచో క్రొత్తదానిని పేనుట. శేషించిన మెదడు అభ్యాసముచే కొంతమేరకు క్రొత్తమార్గముల నేర్పఱచుకొనగలదని శాస్త్రజ్ఞులు కనుగొనియున్నారు.

పద్ధతులలో మొదటిది సూచన యిచ్చుట. పట్టకారును చూపి పేరు రాక తడబడునపుడు "ప" అని తొలి యక్షరము నందించిన పదము తక్కినది తానే వెలువడుట తఱచుగా చూడవచ్చును. రెండవది అర్థమును చుట్టివచ్చుట. పట్టకారు పేరు రానిచో, అది యే జాతి వస్తువు? పనిముట్టు. దాని గుణమేమి? ఇనుపది, రెండు కాళ్లు గలది. క్రియ యేమి? నిప్పులోని వస్తువును పట్టి తీయును. ఎక్కడ నుండును? కుంపటియొద్ద. ఇట్లు నాలుగు దిక్కుల నుండియు చుట్టుముట్టగా పేరు పట్టుబడును; పట్టుబడకపోయినను ఎదుటివానికి సంగతి తెలియును. మహాభాష్యకారుడు శబ్దప్రవృత్తికి చెప్పిన జాతి, గుణ, క్రియ లిచ్చట రోగి మంచముకడకు వచ్చి పనిచేయుచుండుట చూచి నేను మిక్కిలి సంతసించితిని.

మూడవది క్రియను నడుమ నుంచి కారకములను రాబట్టుట. అమెరికాలో ఎడ్మండ్స్ అను విదుషియు ఆమె సహచరులును 2009లో దీనిని ప్రకటించిరి. "కోయు" అను క్రియను తీసికొనుడు. ఎవరు కోయుదురు? దేనిని? దేనితో? వడ్రంగి కొయ్యను ఱంపముతో. రైతు పంటను కొడవలితో. ఇల్లాలు వంకాయను కత్తిపీటతో. పిమ్మట ఎక్కడ, ఎప్పుడు, ఎందులకు అని వాక్యమును పెంచుట. ఒక్కొక్క నామమునే వల్లించుటకంటె నిట్లు చేయుటచే, అభ్యసింపని వాక్యములలో సైతము కొంత మేలు కనబడినదని వారు తెలిపిరి. కర్తృకర్మకరణముల ఆకాంక్ష నెఱిగిన మనకిది క్రొత్త గాదు.

నాలుగవది స్వరచికిత్స. 1973లో బోస్టన్ నగరపు వైద్యులు దీనిని వెల్లడించిరి. "నీళ్లు కావాలి" వంటి చిన్నవాక్యమును రెండు స్వరములపై నెమ్మదిగా ఆలపించుచు, రోగి ఎడమచేతితో అక్షర మక్షరమునకు తాళము వేయింతురు. క్రమముగా రాగమును తగ్గించి మాటలోనికి దింపుదురు. ఇది బ్రోకా విధపు రోగులలో కొందఱికి మేలుచేయును, అందఱికిని కాదు. దినమంతయు కీర్తన పాడించినంత మాత్రమున మాట రాదని గూడ గ్రహింపవలయును. పాడింపవలసినది నిత్యావసరమగు వాక్యమును.

ఐదవది అవధానమును గూర్చినది. అవధాన మనగా నేమో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. స్ట్రోక్ పిమ్మట మనస్సు నొక విషయముపై నిలుపుటయు, విన్న వాక్యముయొక్క మొదలును తుది వచ్చువఱకు జ్ఞప్తియం దుంచుకొనుటయు, ఒక పనినుండి వేఱొకదానికి మరలుటయు కష్టమగును. కావున చికిత్సకులు భాషతో పాటు అవధానమును, ధారణను గూడ పరీక్షించి తగిన యభ్యాసములు చేయింతురు. ఇంటియందు టెలివిజన్ మ్రోగుచుండగా నలుగురొక్కసారి ప్రశ్నించిన ఆ రోగి యేమి చెప్పగలడు? నిశ్శబ్దమే సగము చికిత్స.

ఏ భాషలో చికిత్స చేయవలయునను ప్రశ్నయు మనకు ముఖ్యము. హైదరాబాదులోని నిమ్స్ వైద్యసంస్థలో 608 మంది స్ట్రోక్ రోగులను పరిశీలించి, డాక్టరు సువర్ణ అల్లాడియు సహచరులును 2016లో ఫలితములను ప్రకటించిరి. బుద్ధిశక్తులు సరిగా నిలిచినవారు ద్విభాషులలో నూటికి 40.5 మంది కాగా ఏకభాషులలో 19.6 మంది మాత్రమే. అయినను వాగ్భ్రంశము మాత్ర మిరువర్గములకు ఇంచుమించు సమానముగనే యుండెను. భాషలెన్ని వచ్చినను ఈ విపత్తునుండి యెవరికిని మినహాయింపు లేదన్నమాట. కావున చికిత్స రోగి యింట వాడుకొను భాషలో, ఆతడు నిత్యము చూచు వస్తువులతో జరుగవలయును. ఎన్నడు నెఱుగని ఫలముల చిత్రములకంటె ఇంటి చెంబు, కళ్లజోడు, కొలిమి, మనుమల ఛాయాచిత్రములు మేలు.

ఎంతకాలము చేయవలయును? మెఱుగుదల తొలి మూడునెలలలో నెక్కువ వేగముగా నుండుట నిజము. కాని ఆరునెలలు దాటిన నిక ఆశ లేదను మాట నిజము గాదు. జర్మనీ దేశమున 19 కేంద్రములలో, స్ట్రోక్ వచ్చి ఆరునెలలకు పైబడిన 156 మందిపై జరిపిన పరీక్షను 2017లో ప్రకటించిరి. వారమునకు పదిగంటలకు తక్కువ గాకుండ మూడువారములు చికిత్స పొందినవారి సంభాషణశక్తి వృద్ధిపొందెను. చికిత్సకై వేచియున్నవారిలో నట్టి వృద్ధి కానరాలేదు. మఱియొక వంక, తొలిదినములలోనే అతిగా నభ్యాసము చేయించుటవలన సాధారణ చికిత్సకు మించిన లాభము లేదని ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలో జరిగిన పరీక్షయొకటి 2020లో తెలిపినది. ఈ రెంటిని కలిపి చూచినయెడల మనకు తేలున దేమన: ప్రారంభమున రోగి యలసటను గమనించుచు మితముగా చేయవలయును, పిదప విడువక, విసుగక చేయవలయును. పూర్వపు వాక్కు సంపూర్ణముగా మరల వచ్చునని యెవ్వరును ఎల్లరికిని వాగ్దానము చేయజాలరు. అట్లు వాగ్దానము చేయువారిని నమ్మకుడు. నాలుకకు వస రుద్దుటవలన ఈ రోగము మానదు. తప్పిన స్థానము నాలుకయందు లేదు. మ్రింగుట కష్టముగా నున్నవారికి మందులును పాలును బలవంతముగా నోట పోసిన, అవి యూపిరితిత్తులలో జొచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును.

ఇంటివారు చేయదగినవి కొన్ని గలవు. టొరాంటో నగరమున ఆరా కేగన్ అను చికిత్సకురాలు, రోగితో సంభాషించు వారికే శిక్షణ నిచ్చిన రోగి సంభాషణ బాగుపడునని 2001లో చూపెను. ఆమె బోధయొక్క సారము: "నీకు తెలుసునని నాకు తెలుసు" అను భావమును మొదట రోగికి కలుగజేయుము. చిన్నవాక్యములతో మాటలాడుడు, బిగ్గరగా అఱవకుడు, అతనికి చెవుడు లేదు. అవును, కాదు అని చెప్పదగిన ప్రశ్న లడుగుడు. ముఖ్యపదమును కాగితముపై పెద్దయక్షరములతో వ్రాసి చూపుడు; చేసన్న చేయుడు; బొమ్మ గీయుడు. బదులునకై ఊరకుండి వేచియుండుడు. అతడు వెదకుచున్న మాటను మీరే తొందరపడి యందింపకుడు. అతని యెదుటనే అతనిని గూర్చి అతడు లేనట్లు మాటలాడకుడు.

ఈ కడపటి మాటయందే పెద్ద ధర్మసూక్ష్మ మున్నది. మాట పోయిన పెద్దను పక్కకు నెట్టి, ఇంటి వ్యవహారములు నిర్ణయించుట, కుమార్తె పెండ్లి సంబంధమును అడుగకయే కుదుర్చుట, వ్రేలిముద్ర వేయించుకొని ఆస్తి పంచుకొనుట మన సమాజమున జరుగుచుండుట మీరెఱుగనిది గాదు. ఇది అనాచారమే గాక న్యాయవిరుద్ధము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వాగ్భాషావైకల్యమును వైకల్యములలో నొకటిగా జేర్చి, దానికి కారణములలో అఫేసియాను స్పష్టముగా పేర్కొన్నది. ఆస్తిని కలిగియుండుటకును, ధనవ్యవహారములు నడుపుకొనుటకును వైకల్యము గలవారికి ఇతరులతో సమానమైన హక్కు గలదని యా చట్టమే చెప్పుచున్నది. ఆతని యభిప్రాయమును తెలిసికొనుటకు అవును, కాదు అను రెండు చీటీలును కొంత ఓర్పును చాలును.

చికిత్స ఎక్కడ దొరకును? మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ మన దేశమున ఈ విద్యకు ప్రధానపీఠము. సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ పేర నున్న జాతీయసంస్థయొక్క ప్రాంతీయకేంద్రము గలదు. ప్రభుత్వ బోధనాసుపత్రులలో చెవి, ముక్కు, గొంతు విభాగమున స్పీచ్ థెరపిస్టును గూర్చి విచారింపవచ్చును. అన్నిటికంటె ముందు, రోగము వచ్చిన గడియను గుర్తెఱుగుడు. మూతి వంకర పోయినను, చేయి వ్రాలినను, మాట తడబడినను తెల్లవారువఱకు చూతమని యాగక 108కి కబురు చేయుడు. పూడిన నాళమును కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలసియున్నది. రక్తపుపోటును అదుపులో నుంచుకొనుట ఈ రోగనివారణకు మొదటి మెట్టు.

కడపట ఈ సభవారికి మూడు విన్నపములు. సంఘనిధినుండి కొంత భాగమును, వాక్చికిత్సకై పట్టణములకు పోవు పేదకుటుంబముల ప్రయాణవ్యయమునకై ప్రత్యేకింపుడు. మన వసతిగృహముల విద్యార్థులలో నిష్టపడినవారికి సంభాషణపద్ధతిని నేర్పించి, వారమునకు రెండుసారులు ఊరిలోని యట్టి పెద్దలయొద్ద గంటసేపు కూర్చుండునట్లు చేయుడు. వార్తాపత్రిక చదివి వినిపింతురు గాక, వృత్తిరహస్యములను సైగలచే నైనను నేర్చుకొందురు గాక. అతని నోరు మూతపడినను ఆ చేతిపని మర్మము లింకను అతనియందే యున్నవి. మూడవది, వచ్చు సంవత్సరపు సభకు వారిని గూడ పిలిచి ముందువరుస నాసనము లిండు. వారు మాటలాడకపోవచ్చును, అయినను మన మాటలను తూచి చూచువారు వారిలో నుందురు.